పాకుడు నీటి పురుగుల కోసం ఐనాచురలిస్ట్, జీబిఫ్: పేరు దగ్గర ఆగండి, పటాన్ని వడకట్టండి

చెరువు గట్టున నాచులోనో, కొండవాగులో గులకరాళ్ల కిందో దొరికే పాకుడు నీటి పురుగుల పేరు కనుక్కోవాలన్నా, అవి ఎక్కడెక్కడ ఉంటాయో తెలుసుకోవాలన్నా ఇవాళ చాలామంది ముందుగా తెరిచేవి రెండే. ఒకటి, ఫోటోలు పెట్టి పేర్లు అడిగే ఐనాచురలిస్ట్. రెండోది, మ్యూజియం నమూనాల వివరాలను, జనం పెట్టిన నమోదులను ఒకే పటం మీద చూపే జీబిఫ్. రెండూ ఉచితమే. జంతుశాస్త్రం పీజీ విద్యార్థులకు, చెరువుల మీద పనిచేసే పరిశోధకులకు, సెలవు రోజున కెమెరా పట్టుకుని వాగుల వెంట తిరిగేవాళ్లకు ఇవి ఎంతవరకు అక్కరకొస్తాయి, ఎక్కడ దారి తప్పిస్తాయి అన్నది ఈ సమీక్షలో చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. కుటుంబం వరకు గుర్తించడానికి ఐనాచురలిస్ట్‌కు 5కి 5 ఇవ్వొచ్చు. ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, వరకైతే 3, అదీ ఫోటోలు బాగుంటేనే. జాతి పేరుకు 1 కంటే ఎక్కువ ఇవ్వలేం. ఇది సైటు లోపం కాదు. పొట్టవైపు చూడందే, చాలాసార్లు జననాంగాలు సూక్ష్మదర్శిని కింద పెట్టందే జాతి తేలని గుంపు ఇది. ఇక జీబిఫ్ పటం ఉన్నదున్నట్టుగా జనం ఎక్కడ వెతికారో చెబుతుంది. పురుగు ఎక్కడ ఉందో చెప్పించాలంటే ఆ సమాచారాన్ని మనమే శుభ్రం చేసుకోవాలి.

ఈ పురుగులు నాకోరిడే కుటుంబానికి చెందినవి. హెమిప్టెరా క్రమం, హెటిరోప్టెరా ఉపక్రమం, అందులో నీపోమార్ఫా అనే నీటి నల్లుల విభాగం. ప్రపంచం మొత్తం మీద సుమారు 40 ప్రజాతులు, 400 వరకు జాతులు తెలుసు. ఎక్కువ భాగం ఉష్ణమండలంలోనే. ఒళ్లు అండాకారంగా, చదునుగా ఉంటుంది. పొడవు సాధారణంగా 5 నుంచి 20 మిల్లీమీటర్ల లోపు. ముందుకాళ్ల తొడలు బాగా ఉబ్బి ఉంటాయి, మిగతా కాలు జేబుకత్తి మడిచినట్టు వాటి మీదికి మడుచుకుంటుంది. మీసాలు పొట్టిగా తల కింద దాక్కుంటాయి కాబట్టి పైనుంచి కనబడవు. ఒంటి చివర ఊపిరి గొట్టం ఉండదు. ఈ నాలుగూ ఒకేచోట కనిపిస్తే కుటుంబం దాదాపు ఖాయం.

మన దగ్గర తికమక పెట్టేది ముఖ్యంగా డిప్లోనికస్. మగది వీపు మీద గుడ్లు మోస్తుంది కాబట్టి చెరువుల్లో చాలామంది చూసే ఉంటారు. అది బెలోస్టొమాటిడే కుటుంబం. దాని పిల్ల పురుగులు, గుడ్లు లేని పెద్దవి కూడా గోధుమరంగులో, అదే అండాకారంలో ఉండి నాకోరిడే కింద నమోదవడానికి ఆస్కారం ఎక్కువ. తల చూడండి. డిప్లోనికస్ తల ముందుకు మొనదేలి పొడుచుకొస్తుంది. నాకోరిడేలో తల వెడల్పుగా ఉండి ప్రోనోటంలోకి, అంటే తల వెనకాలి పలకలోకి, కూరుకుపోయినట్టుంటుంది. తల అంచు, పలక అంచు కలిసి ఒకే వంపుగా సాగుతాయి. పెద్ద పురుగైతే ఒంటి చివర చూడండి: బెలోస్టొమాటిడేలో గాలి తీసుకోవడానికి లోపలికీ బయటికీ కదిలే రెండు చిన్న పట్టీలుంటాయి, నాకోరిడేలో అవి ఉండవు. నీటి తేళ్లకు పొడవాటి గొట్టం తోక ఉంటుంది కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. వెల్లకిలా ఈదే నోటోనెక్టిడేను ఈదే తీరు చూస్తేనే పక్కన పెట్టేయొచ్చు.

ఐనాచురలిస్ట్ ఇచ్చే ఫలితం పూర్తిగా మీరు పెట్టే ఫోటోల మీద ఆధారపడుతుంది, అసలు పని అక్కడే ఉంది. చాలా నమోదుల్లో ఉండేది పైనుంచి తీసిన ఒకే ఒక్క ఫోటో. ఈ కుటుంబంలో వీపు చూసి చెప్పగలిగింది తక్కువ. ఒక్కో పురుగుకు కనీసం ఐదు కోణాలు కావాలి: వీపు మొత్తం, పొట్ట మొత్తం, తలా ప్రోనోటమూ దగ్గరగా, ముందుకాలు పక్కనుంచి, పొట్ట చివరి పలకలు. గుర్తింపు పట్టికలు అడిగేవన్నీ ఇక్కడే ఉంటాయి. కళ్ల లోపలి అంచులు ముందుకు వెళ్లేకొద్దీ దగ్గరవుతున్నాయా, దూరమవుతున్నాయా? రెండు కళ్ల మధ్య ప్రోనోటం ముందంచు తిన్నగా ఉందా, లోతుగా లోపలికి వంగిందా? ముందుకాలి టార్సస్‌లో, అంటే కాలి చివరి భాగంలో, ఎన్ని ముక్కలు, చివర గోళ్లు కనిపిస్తున్నాయా? పొట్ట పక్క అంచుల వెనక మూలలు ముల్లులా పొడుచుకొచ్చాయా? ఆడదైతే పొట్ట చివరి పలక వెనకంచు ఆకారం, మగదైతే జననాంగాల ఆకారం. చివరి రెండూ మామూలు ఫోటోలో దొరకడం అరుదు.

ఫోటో తీసే పద్ధతి కష్టమేం కాదు, కాస్త ఓపిక కావాలంతే. వలలో పడ్డ పురుగును వేళ్లతో పట్టుకోకండి. ఇవి ముక్కుతో గట్టిగా పొడుస్తాయి, ఆ నొప్పి చాలాసేపు ఉంటుంది. ప్లాస్టిక్ చెంచాతోనో మెత్తటి పట్టకారుతోనో తెల్లటి పళ్లెంలోకి మార్చండి. ఒక సెంటీమీటరు లోతు నీళ్లు చాలు. మిల్లీమీటరు గళ్ల గ్రాఫ్ కాగితాన్ని లామినేట్ చేయించి గాజు గిన్నె కింద పెడితే కొలత ఫోటోలోనే వచ్చేస్తుంది. నీళ్ల లోపలున్న పురుగును పైనుంచి తీస్తే ఒంటి మీద మెరుపు తగ్గుతుంది. ఫ్లాష్ వాడాల్సి వస్తే ముందు ఒక టిష్యూ కాగితం అడ్డం పెట్టండి. పొట్టవైపు తీసేటప్పుడు మాత్రం ఇది కుదరదు. నాకోరిస్ లాంటివి పొట్ట కింద సన్నటి గాలిపొరను మోసుకు తిరుగుతాయి, నీళ్లలో అది వెండి రేకులా మెరిసి పొట్టమీది పలకల గీతలను కప్పేస్తుంది. అందుకని పురుగును బయటికి తీసి, టిష్యూ కాగితం మీద మెల్లగా అద్ది, వెల్లకిలా పెట్టి, పైన పెట్రీ గిన్నె మూత ఆనించి కదలకుండా చేయాలి. అర నిమిషంలో నాలుగు ఫోటోలు తీసి తిరిగి నీళ్లలో వదిలేయొచ్చు. ఫోన్‌కు తగిలించే క్లిప్ మాక్రో లెన్సు ప్రజాతి స్థాయికి సరిపోతుంది, పొట్ట చివరి పలకల వివరాలకు చాలదు.

పిల్ల పురుగా పెద్దదా అన్నది కూడా తేల్చి నమోదు చేయాలి. ఐనాచురలిస్ట్‌లో దీనికి జీవదశ అనే గడి ఉంటుంది, ఎవరూ పెద్దగా నింపరు. ఈ కుటుంబంలో పిల్ల పురుగులు ఐదు దశలు దాటి పెద్దవవుతాయి. కొన్ని జాతుల్లో పెద్దవాటికీ రెక్కలు పొట్టిగానే ఉండిపోతాయి. అమెరికా ఖండాల క్రిఫోక్రికోస్ ప్రజాతిలో అలాంటివే ఎక్కువ. అందుకని పొట్టి రెక్కలు కనిపించగానే పిల్ల పురుగు అనేయకూడదు. పిల్ల పురుగులకైతే పొట్ట పైభాగాన 3, 4 పలకల మధ్య వాసన గ్రంథి రంధ్రాలు ఉంటాయి. పిల్ల పురుగుల ఫోటోల మీద జాతి పేరు పెట్టకండి, పెట్టినవాటిని ఒప్పుకోకండి.

ఫోటో ఎక్కించగానే యంత్రం కొన్ని పేర్లు సూచిస్తుంది. నీటి పురుగులన్నిట్లో ఇది ఏ కుటుంబం అన్న ప్రశ్నకు అది ఇచ్చే సమాధానం నిజంగా మెచ్చుకోదగ్గది. కానీ తగినన్ని ఫోటోలున్న జాతులే ఆ మోడల్‌లోకి వస్తాయి. ఐరోపాలో బాగా కనిపించే ఇలియోకోరిస్ సిమికోయిడిస్ లాంటివాటికి ఫోటోలకు కొదవలేదు. పైగా బ్రిటన్‌లో ఈ కుటుంబం నుంచి ఉన్నవే రెండు జాతులు, ఇలియోకోరిస్ సిమికోయిడిస్, నాకోరిస్ మాక్యులాటస్. అక్కడ ఒక్క ఫోటోతో జాతి చెప్పేయడంలో తప్పు లేదు. అదే ధీమా మన వాగుల దగ్గర పనికిరాదు. దగ్గర్లో ఉండే జాతులనే చూపించమనే మీట నొక్కి ఉంచండి. నొక్కినా జాతి పేరు ఎంచుకోకుండా కుటుంబం పేరో, ముందుకాలూ ప్రోనోటమూ స్పష్టంగా కనబడితే ప్రజాతి పేరో ఎంచుకోండి. అసలు పేరేమీ పెట్టకుండా వదిలేయడం ఇంకా నష్టం. తెలియని జీవుల కుప్పలో పడితే నిపుణుల కంటికి ఆనదు. నాకోరిడే అని పెడితే, ఆ కుటుంబాన్ని వడపోసి చూసే ఒకరిద్దరికి వెంటనే కనిపిస్తుంది.

ఇక ఓటింగ్ సంగతి. ఒక నమోదు పరిశోధన స్థాయికి చేరాలంటే ఫోటో, తేదీ, చోటు ఉండాలి, పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతులకు మించి ఒకే జాతి మీద ఏకీభవించాలి. ఇద్దరు చాలు. మొదటివాళ్లు యంత్రం సూచించిన పేరు పెట్టి, రెండోవాళ్లు చూడకుండా ఒప్పుకుంటే అది పరిశోధన స్థాయి అయిపోతుంది, అక్కడినుంచి జీబిఫ్‌కు కూడా వెళ్లిపోతుంది. తర్వాత తెలిసినవాళ్లు ఒక్కరొచ్చి కాదంటే ఆ స్థాయి పోతుంది, నిజమే. కానీ సరైన జాతి పేరు నిలబడాలంటే ఆ రెండు తప్పు ఓట్ల మీద ఐదు ఒప్పు ఓట్లు పడాలి. నాకోరిడే చూసి చెప్పగలిగేవాళ్లు ఐదుగురు ఒకే ఫోటో దగ్గరికి రావడం జరిగే పనేనా? అందుకే నిపుణులు పేరు పెట్టగానే కృతజ్ఞతగా ఒప్పుకున్నాం అని నొక్కే అలవాటు ఈ గుంపులో మానుకోవాలి. మీరు స్వయంగా ఆ లక్షణాన్ని ఫోటోలో చూడగలిగితేనే నొక్కండి. కృతజ్ఞత వ్యాఖ్యలో చెప్పొచ్చు. మీ పేరు తప్పని తేలితే వెనక్కి తీసుకునే వీలుంది, తీసుకోండి. అవతలివాళ్లను ఐదు ఓట్ల కోసం వెతుక్కునేలా చేయకండి.

చాలామందికి తెలియని మంచి ఏర్పాటు ఒకటుంది. నమోదు పేజీ కింద, గుర్తింపును ఇంకా మెరుగుపరచవచ్చా అన్న ప్రశ్న కనిపిస్తుంది. కుటుంబం కంటే కింది స్థాయిలో, ఉదాహరణకు హీలియోకోరిస్ అని ప్రజాతి దగ్గర అందరూ ఏకీభవించి, ఇక మెరుగుపరచలేం అని నొక్కితే ప్రజాతి పేరుతోనే పరిశోధన స్థాయి వస్తుంది. నాకోరిడేకు ఇది వరం. తప్పుడు జాతి పేరు కంటే ఒప్పు ప్రజాతి పేరు వంద రెట్లు విలువైనది. పొట్ట ఫోటోలు బాగున్న నమోదు మీద మాత్రం ఈ మీట నొక్కకండి. రేపు ఆ ప్రజాతి మీద పనిచేసేవాళ్లు వాటిని చూసి జాతి తేల్చే అవకాశం ఉంది. కుటుంబం దగ్గరే ఆగినదాని మీద నొక్కితే అది పైకి వెళ్లదు, సాధారణ నమోదుల్లోకి జారిపోతుంది.

వర్గీకరణ మారడం వల్ల వచ్చే చిక్కు కూడా ఉంది. అఫెలోకెయిరస్ అనే ప్రజాతిని పాత పుస్తకాలు నాకోరిడేలోనే ఉపకుటుంబంగా ఉంచాయి. ఇప్పుడు అది అఫెలోకెయిరిడే అనే వేరే కుటుంబం. ఈ వేరు చేయడానికి గట్టి కారణాలున్నాయి. వాటి ముందుకాళ్లు వేటకు తగ్గట్టు ఉబ్బి ఉండవు, ముక్కు సన్నగా పొడవుగా వెనక్కి సాగుతుంది. ఒంటిమీద ప్లాస్ట్రాన్ అనే అతి సన్నటి రోమాల పొర ఉండి, అది పట్టి ఉంచే గాలి ద్వారా నీళ్లలో కరిగిన ఆక్సిజన్ అందుతుంది కాబట్టి పైకి రావాల్సిన పనే ఉండదు. 1947లో థోర్ప్, క్రిస్ప్ అనే పరిశోధకులు లెక్కగట్టిన ప్రకారం అఫెలోకెయిరస్‌లో చదరపు మిల్లీమీటరుకు 20 లక్షలకు పైగా రోమాలుంటాయి. నాకోరిస్ అలా కాదు, గాలి మార్చుకోవడానికి పైకి రావాల్సిందే.

ఈ తేడా జీబిఫ్‌లో ఎలా బయటపడుతుందంటే, ప్రజాతి పేరున్న పాత నమూనాలను అది పేరును బట్టి సరైన కుటుంబంలోనే పెడుతుంది. కానీ మ్యూజియం చీటీ మీద కుటుంబం పేరు మాత్రమే రాసి ఉన్న నమూనా ఏ కాలం నాటి అర్థంలో రాశారో చెప్పలేం. కాబట్టి పటం గీసేటప్పుడు కుటుంబం దగ్గరే ఆగిపోయిన మ్యూజియం రికార్డులను వేరే రంగులో పెట్టుకోవాలి, లేదా తీసేయాలి.

జీబిఫ్ నుంచి సమాచారం దించుకునే వరస ఇది. ఉచిత ఖాతా తెరవండి. రికార్డుల పేజీలో శాస్త్రీయనామం దగ్గర నాకోరిడే, దేశం దగ్గర ఇండియా పెట్టండి. అక్షాంశ రేఖాంశాలున్నవే కావాలనీ, చోటులో తప్పుందని హెచ్చరించే జెండా గుర్తులు లేనివే కావాలనీ ఎంచుకోండి. దించుకునే రూపాల్లో సాదాది చాలు. ఫైలు పేరు సీఎస్‌వీ అని ఉన్నా లోపల గడుల మధ్య ఉండేది కామా కాదు, ట్యాబ్. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే గడులు చెదిరిపోవచ్చు. డేటా మెనూలోంచి దిగుమతి చేసి ట్యాబ్, యూటీఎఫ్-8 ఎంచుకోండి. దించుకున్న ప్రతిసారీ ఒక డీఓఐ సంఖ్య, అంటే ఆ ఫైలుకు శాశ్వత గుర్తింపు సంఖ్య, ఇస్తుంది. థీసిస్‌లోనో వ్యాసంలోనో ఆ సంఖ్యే ఉదహరించాలి, వెబ్‌సైటు పేరు రాస్తే చాలదు. మీరు ఏ రోజు ఏ వడపోతతో తీశారో ఆ సంఖ్య ద్వారానే ఇతరులు సరిచూడగలరు.

ఆ తర్వాత శుభ్రం చేయడం. మొదట రికార్డు రకం చూడండి. భద్రపరిచిన నమూనానా, మనిషి చూసి రాసిందా? రెండింటినీ వేర్వేరు షీట్లలో పెట్టండి, ఎందుకంటే మొదటిదాన్ని ఎప్పుడైనా మ్యూజియంలో తెరిచి మళ్లీ చూడొచ్చు. రెండోది, అనిశ్చితి వ్యాసార్థం, అంటే ఇచ్చిన బిందువు నుంచి అసలు చోటు ఎంత దూరం వరకు ఉండొచ్చో చెప్పే కొలత. వాగు స్థాయిలో మాట్లాడాలంటే 1,000 మీటర్ల లోపు కావాలి, జిల్లా స్థాయికి 5,000 మీటర్లు సరిపోతుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. చాలా పాత రికార్డుల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. 5,000 కంటే తక్కువ అని వడపోస్తే ఖాళీవి కూడా పోతాయి, వాటిలో మంచి నమూనాలుంటాయి. ఖాళీవాటిని విడిగా తీసి, చోటు పేరు చదివి, ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. మూడోది, చీటీ మీద ఇండియా అని మాత్రమే ఉన్న నమూనాకు ఎవరో దేశం నడిమధ్య బిందువు ఇచ్చి ఉండొచ్చు. పటంలో దేశం నడిబొడ్డున, ఏ నీటి వనరూ లేనిచోట చుక్క కనిపిస్తే చోటు పేరు గడి చదవండి. రాష్ట్రాల నడిబొడ్డు బిందువులకూ ఇదే వర్తిస్తుంది. నాలుగోది, అక్షాంశ రేఖాంశాలు తారుమారవడం. తెలుగు రాష్ట్రాలు రెండూ స్థూలంగా 12 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 76 నుంచి 85 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉంటాయి. అక్షాంశం గడిలో 78 కనిపిస్తే తారుమారైనట్టే. దశాంశం తర్వాత రెండే అంకెలుంటే ఆ చుక్కకు కిలోమీటరు పైచిలుకు అటూ ఇటూ ఉంటుందని గుర్తుంచుకోండి.

జీబిఫ్‌కు వచ్చేవి ఐనాచురలిస్ట్‌లోని పరిశోధన స్థాయి నమోదులే, అవి కూడా లైసెన్సు అనుమతించినవే. సర్వహక్కులూ మావే అని పెట్టుకున్నవాళ్ల నమోదులు రావు. నాకోరిడేలో నిజాయితీగా కుటుంబం దగ్గర ఆగిన నమోదులు ఆ స్థాయికి చేరవు కదా, అంటే జాగ్రత్తగా ఉన్నవాళ్ల నమోదులు ఇవతలే ఉండిపోయి, తొందరపడి జాతి పేరు పెట్టినవి జీబిఫ్ పటం మీదికి ఎక్కుతాయి. అందుకని ఐనాచురలిస్ట్ నుంచి గుర్తింపు కావలసిన నమోదులను కూడా విడిగా దించుకుని, ఫోటోలు తెరిచి, మీరే కుటుంబం సరిచూసి కలుపుకోవాలి. ఈ ఒక్క పనితో భారతదేశపు పటం బాగా నిండుతుంది.

ఖాళీల సంగతికి వద్దాం. పటంలో చుక్క లేదంటే పురుగు లేదని కాదు. అసలు అక్కడ ఎవరైనా నీళ్లలో వల పెట్టారా అన్నది ముందు తెలియాలి. దానికి మంచి ఉపాయం ఉంది. అదే ప్రాంతానికి నీపోమార్ఫా మొత్తం, అంటే నీటి తేళ్లు, నోటోనెక్టాలు, బెలోస్టొమాటిడే అన్నీ కలిపి దించుకోండి. వాటి చుక్కలు దండిగా ఉండి నాకోరిడే లేకపోతే ఆ ఖాళీకి కొంత అర్థం ఉంది. అవీ లేకపోతే అక్కడ ఎవరూ చూడలేదని రాసుకోండి. పంపిణీ గురించి ఏ వ్యాసం రాసినా ఈ రెండు పటాలూ పక్కపక్కన పెట్టాలని మా గట్టి అభిప్రాయం.

ప్రపంచ పటం చూస్తే ఈ వంకర ఇంకా తెలుస్తుంది. చుక్కలు పశ్చిమ ఐరోపాలో గుమిగూడి ఉంటాయి. అక్కడ జాతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అసలు వైవిధ్యం న్యూగినీ, ఫిలిప్పీన్స్, ఆగ్నేయాసియా, దక్షిణ అమెరికాల్లో ఉంది. సాగోకోరిస్, ఆప్టినోకోరిస్ లాంటి ప్రజాతులు న్యూగినీవి, ఫిలిప్పినోకోరిస్ పేరులోనే తన దేశం చెబుతుంది. ఆంబ్రిసస్, లిమ్నోకోరిస్, పెలోకోరిస్, క్రిఫోక్రికోస్ అమెరికా ఖండాలవి. సీటినిపోకోరిస్ మాత్రం ఆసియాలోనూ, అమెరికాలోనూ ఉండి ఆలోచనలో పడేస్తుంది. ఇంకోవైపు ఒకే ఊట చుట్టూ బతికే జాతి ఉంది. ఆంబ్రిసస్ అమర్గోసస్‌ను 1953లో ఇరా లా రివర్స్ వర్ణించారు. అమెరికాలోని నెవాడాలో యాష్ మెడోస్ దగ్గర పాయింట్ ఆఫ్ రాక్స్ ఊటల్లో తప్ప మరెక్కడా లేదు. 1985లో అక్కడి ప్రభుత్వం దాన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. ఇలాంటి జాతి విషయంలో పటం మీద ఒక్క చుక్క తప్పుగా పడినా లెక్క మొత్తం మారిపోతుంది.

మన వైపు వెతకాలనుకునేవాళ్లు ప్రజాతిని బట్టి చోటు ఎంచుకోవాలి. నాకోరిస్ నిలవ నీళ్లది. కలుపు మొక్కలున్న చెరువులు, కుంటల అంచుల్లో, మొక్కల కాడల మధ్య వలను కిందనుంచి పైకి ఊపండి. హీలియోకోరిస్ పారే నీళ్లది. వాగుల పక్కల్లో, గులకరాళ్లూ రాలిన ఆకులూ పేరుకున్నచోట, వల నోరు ప్రవాహానికి ఎదురుగా పెట్టి, దాని ముందు అర మీటరు మేర కాలితో రాళ్లు కదపాలి. అర మిల్లీమీటరు కన్నాల వల, 30 సెంటీమీటర్ల చట్రం సరిపోతాయి. ఇంతకంటే సన్నటి వల బురదతో పూడిపోయి, నీళ్లు వెనక్కి తన్ని పురుగులు పక్కకు జారిపోతాయి. చెయిరోచీలా లాంటి ఉరుకు నీళ్ల ప్రజాతి ఈశాన్య భారతం, మయన్మార్ వైపుది. దాన్ని తూర్పు కనుమల ఫోటో మీద ఎవరైనా సూచిస్తే ఒకటికి రెండుసార్లు చూడండి. వానలు వెనకబట్టి వాగులు తేటపడ్డాక, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పని సులువు.

చేపల చెరువులున్న జిల్లాలవాళ్లకు ఇంకో దారి ఉంది. నర్సరీ చెరువులో చేప స్పాన్, అంటే అప్పుడే పొదిగిన చేపపిల్లలను, వదలడానికి ముందు నీటి పురుగులను చంపడానికి హెక్టారుకు 18 కిలోల సబ్బు, 56 కిలోల నూనె కలిపి చల్లుతారు. నీటి మీద నూనెపొర కట్టి, పైకొచ్చి గాలి తీసుకునే పురుగులన్నీ చచ్చి గాలివాటుకు ఒక గట్టుకు చేరతాయి. రైతును అడిగి ఆ గట్టున జల్లెడ పట్టుకుంటే, ఆ చెరువులోని నీపోమార్ఫా మొత్తం ఒక్కపూటలో చేతికొస్తుంది. నమోదులో చచ్చినవి అనే గడి నింపడం మరవొద్దు.

చోటు నమోదులో జరిగే పొరపాట్లు దాదాపు అన్నీ ఫోన్ దగ్గరే మొదలవుతాయి. కెమెరాకు లొకేషన్ అనుమతి ఇచ్చి, లోయల్లో ఒక నిమిషం ఆగి ఫోటో తీయండి. స్నేహితులు వాట్సాప్‌లో పంపిన ఫోటోను ఎక్కిస్తే తీసిన చోటు వివరం ఉండదు, తేదీ కూడా నమ్మలేం. అసలు ఫైలు డాక్యుమెంటుగా పంపమని అడగండి. ఊరి పేరు టైపు చేసి చోటు ఎంచుకుంటే చుట్టూ కిలోమీటర్ల వ్యాసార్థమున్న పెద్ద వలయం పడుతుంది. పటాన్ని పెద్దది చేసి గుర్తును వాగు మీదికి జరిపి, వలయాన్ని 50 మీటర్లకో 100 మీటర్లకో తగ్గించండి. చోటు దాచాలనుకుంటే అస్పష్టం అనే మీట ఉంది, దాంతో చుక్క 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట పడుతుంది. మామూలు చెరువు పురుగులకు అది అనవసరం, పటానికి పనికిరాకుండా పోతుంది.

నల్లమల, పాపికొండలు, కవ్వాల్, అమ్రాబాద్ లాంటి రక్షిత అడవుల్లో నమూనాలు పట్టాలంటే అటవీశాఖ రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఫోటో నమోదు ఆ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు.

జాతి పేరు నిజంగా కావాలంటే నమూనా ఉండాలి. 80 శాతం ఇథనాల్‌లో వేయండి, డీఎన్ఏ తీసే ఉద్దేశముంటే 95 శాతం. బార్‌కోడింగ్‌కు, అంటే డీఎన్ఏ ముక్కను బట్టి జాతి తేల్చడానికి, వాడే సీఓఐ జన్యువు ముక్క 658 బేస్ జతలది. కాలు ఒక్కటి విరిచినా సరిపోతుంది, ఒళ్లు చెడదు. చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగి తెల్లకాగితం మిగులుతుంది. చోటు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టినవాళ్ల పేరు, నిలవ నీళ్లా పారే నీళ్లా అన్నది రాయండి. ఆల్కహాల్‌లో పచ్చ, పసుపు రంగులు వెలిసిపోతాయి కాబట్టి బతికుండగా తీసిన ఫోటోకు విలువ అక్కడే. పోల్చి చూడడానికి 1906లో డిస్టంట్ రాసిన బ్రిటిష్ ఇండియా రింకోటా మూడో సంపుటం బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. వర్ణనలు పొట్టివి, జననాంగాల బొమ్మలు ఆశించొద్దు, ప్రజాతుల పరిచయానికి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. నమూనాలను సరిచూపించుకోవడానికి హైదరాబాద్ అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది.

సీసాకూ ఫోటోకూ లంకె తెగకూడదు. ఐనాచురలిస్ట్ నమోదు సంఖ్యను చీటీ మీద, సీసా సంఖ్యను నమోదులోని గమనికల గడిలో రాసిపెట్టండి. ఒకే వలలో రెండు పురుగులు పడితే రెండు నమోదులు, రెండు సీసాలు. రెండింటినీ ఒకే సీసాలో వేస్తే, అవి వేరు జాతులని తర్వాత తేలినప్పుడు ఏ ఫోటో దేనిదో చెప్పే దారి ఉండదు.